గొంతు క్యాన్సర్ చికిత్స తర్వాత మింగుడు నిలబెట్టుకోవడం: ముందు నుంచి చివరిదాకా వరసగా

"కరెంటు (రేడియేషన్) పెట్టడం అయిపోయింది. గడ్డ పోయిందన్నారు. కానీ మంచినీళ్ళు కూడా దిగడం లేదు, ఏం చేయాలి?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మా పెదనాన్నను రెండేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిప్పాను కాబట్టి అడుగుతారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఒకటి చెప్పి రెండు మర్చిపోతున్నాను. అందుకే వరసగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. కింద రాసిన వ్యాయామాలు గానీ, తిండి మార్పులు గానీ మీ స్పీచ్ థెరపిస్టు (మాటతో పాటు మింగుడు సమస్యలూ చూసే నిపుణులు) చూసి సరే అన్నాకే మొదలుపెట్టండి. ఒకరికి పనికొచ్చిన తల వంపు ఇంకొకరికి పొలమారేలా చేస్తుంది.

అన్నిటికంటే ముందు మేం చేసిన తప్పు చెప్పాలి. కరెంటు మూడో వారంలో పెదనాన్నకు ముక్కులోంచి ఫుడ్ పైపు వేశారు. గొంతు పుండు మానాలి కదా, విశ్రాంతి ఇద్దాం అని ఇంట్లో అందరం అనుకుని ఆయన నోటికి చుక్క నీరు తగలనివ్వలేదు. అలా ఐదు వారాలు. పైపు తీసే రోజుకి పుండు మానింది, గుటక పోయింది. కాలు విరిగి కట్టు కడితే పిక్క సన్నబడినట్టే గొంతు కండరాలూ వాడకపోతే క్షీణిస్తాయి. పైపు ఉన్నా సరే, థెరపిస్టు సురక్షితమన్నంత మేర రోజూ ఏదో ఒకటి మింగుతూనే ఉండాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ పని ఎలా చేయాలో చెప్పడమే.

## 1. చికిత్స మొదలవక ముందు

స్వరపేటికలో గడ్డ ముదిరి ఉంటే డాక్టరు సాధారణంగా రెండు దారులు చెబుతారు. స్వరపేటిక తీసేయడం ఒకటి, దాన్ని ఉంచి కీమో, కరెంటు ఇవ్వడం రెండోది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 332 మంది మీద చేసిన అధ్యయనం 1991లో వచ్చింది. రెండు గుంపుల్లోనూ రెండేళ్ళ తర్వాత బతికి ఉన్నవారు సమానంగా 68 శాతం. కీమో, కరెంటు తీసుకున్నవారిలో 64 శాతం మందికి స్వరపేటిక మిగిలింది. అందుకే ఈ రోజుల్లో వీలైతే ఉంచడానికే చూస్తారు.

కానీ స్వరపేటిక మెడలో ఉన్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. గడ్డ మృదులాస్థిని తినేసి, చికిత్సకు ముందే రోజూ పొలమారుతూ ఉంటే, దాన్ని ఉంచి ప్రయోజనం తక్కువ. అలాంటప్పుడు తీసేయడమే ప్రాణానికీ తిండికీ మంచిది కావచ్చు. కాబట్టి "ఉంచగలరా?" అని అడిగి ఊరుకోకండి. "ఉంచితే అది పనిచేసే స్థితిలో ఉందా?" అని కూడా అడగండి.

మొదటి కరెంటు రోజుకు ముందు పూర్తి కావాల్సినవి:

- పళ్ళు. పీకాల్సినవి కరెంటుకు కనీసం రెండు వారాల ముందే పీకించాలి. కరెంటు తగిలిన దవడ ఎముకకు మానే శక్తి తగ్గుతుంది. తర్వాత పన్ను పీకితే ఎముక కుళ్ళే ప్రమాదం ఉంది.
- మింగుడు పరీక్ష. రెండు రకాలు. ఎక్స్‌రేలో కనిపించే బేరియం కలిపిన తిండి మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీయడం ఒకటి. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూడటం రెండోది. దీన్ని ఫీస్ అంటారు. కౌంటర్లో కట్టే ఫీజు అనుకుని మేం రెండుసార్లు వాదించాం.
- కొలతలు. బరువు, నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో, థైరాయిడ్ రక్తపరీక్ష. ఇవి కాగితం మీద ఉంటేనే తర్వాత ఎంత తగ్గిందో తెలుస్తుంది.
- రేడియేషన్ డాక్టరుకు ఒక ప్రశ్న. "మింగే కండరాలకు డోసు తగ్గించే వీలుందా?" బ్రిటన్, ఐర్లాండ్‌లలో 112 మంది మీద జరిగిన డార్స్ అధ్యయనం 2023లో వచ్చింది. ఆ కండరాలను తప్పించేలా ప్లాన్ చేస్తే ఏడాది తర్వాత మింగుడు మెరుగ్గా ఉందని రోగులే చెప్పారు. గడ్డ ఉన్న చోటును బట్టి అందరికీ కుదరదు. అడగడంలో తప్పులేదు.
- చుట్ట, సిగరెట్, గుట్కా, మందు. పూర్తిగా బంద్. కరెంటు నడుస్తుండగా పొగ తాగితే చికిత్స పట్టు తగ్గుతుంది.

స్పీచ్ థెరపిస్టు ఎక్కడ దొరుకుతారని అడుగుతారు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉంటారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో స్పీచ్ థెరపీ కోర్సులు నడుస్తాయి, అక్కడా వాకబు చేయండి. అయితే వీళ్ళలో చాలామంది పిల్లల మాటలు, వినికిడి చూసేవాళ్ళు. "గొంతు క్యాన్సర్ రోగుల మింగుడు చూస్తారా?" అని ముందే అడిగి వెళ్ళండి.

## 2. కరెంటు నడిచే ఏడు వారాలు

సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున 33 నుంచి 35 సిట్టింగులు ఉంటాయి.

మొదటి రెండు వారాలు పెద్ద ఇబ్బంది ఉండదు. "మాకు ఏమీ కాలేదండీ" అని అందరూ ధీమాగా ఉండేది ఇప్పుడే. వ్యాయామాలు అలవాటు చేసుకోవాల్సిందీ ఇప్పుడే.

రెండో వారం చివర నుంచి నోట్లో, గొంతులో పుళ్ళు మొదలవుతాయి. రుచి పోతుంది. లాలాజలం జిగురుగా సాగుతుంది. చివరి వారాల్లో నొప్పి బాగా ముదురుతుంది, కరెంటు ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు వారాలు అలాగే ఉంటుంది. చికిత్స అయిపోయిందిగా, ఇంకా తగ్గదేం అని ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ టెన్షన్. తగ్గుతుంది, వారాలు పడుతుంది.

ఈ రోజుల్లో రోజువారీ పని:

- డాక్టరు రాసిన నొప్పి మందు తినే వేళకు అరగంట ముందు వేయాలి. నొప్పితో ఎవరూ మింగరు.
- గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. మింగకూడదు. మంట పుట్టించే మౌత్‌వాష్‌లు వద్దు.
- వారానికోసారి ఒకే కాటా మీద బరువు చూడాలి. 60 కిలోల మనిషి నెలలో 3 కిలోలు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.
- ప్రొటీన్ రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. 60 కిలోలకు 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో దాదాపు 6 గ్రాములు, అర లీటరు పాలల్లో 16 గ్రాముల దాకా వస్తుంది. ఉత్త గంజి, కొబ్బరినీళ్ళతో ఈ లెక్క తేలదు. కిడ్నీ జబ్బు ఉంటే లెక్క వేరు, డాక్టరును అడగాలి.

ఫుడ్ పైపు వేయడం ఓటమి కాదు. బరువు పడిపోతుంటే వేయాల్సిందే. పైపులో పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉండాలి, పోశాక అరగంట నుంచి గంట పడుకోబెట్టకూడదు, చివర్లో నీళ్ళతో పైపు కడగాలి. ముక్కు దగ్గర పైపు మీద పెట్టిన గుర్తు జరిగితే ఏమీ పోయకుండా ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో 497 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించారు. చికిత్స సాగినన్నాళ్ళూ నోటితో ఎంతో కొంత తింటూ, వ్యాయామాలు కూడా చేసినవారికి తర్వాత తిండి బాగా దక్కింది. రెండూ మానేసినవారు అందరికంటే వెనకబడ్డారు. మా ఇంట్లో ఆ ఐదు వారాల్లో జరిగింది ఇదే.

## 3. వ్యాయామాలు

ఒక్కోటి పదిసార్లు, రోజుకు మూడు పూటలు. సంఖ్య మీ థెరపిస్టు మార్చవచ్చు. నోరు తడుపుకుని కూర్చోండి.

గట్టి గుటక. గొంతులో ఏదో పెద్ద ముద్ద ఉందనుకుని, నాలుకను అంగిలికి నొక్కిపెట్టి, బలమంతా పెట్టి ఉమ్మి మింగాలి.

పట్టి ఉంచే గుటక. వేళ్ళతో గొంతుముడి పట్టుకుని మింగండి. అది పైకి లేస్తుంది. లేచాక కిందికి దిగనివ్వకుండా రెండు మూడు సెకన్లు ఆపాలి. మొదటి రోజే ఎవరికీ రాదు. అద్దం ముందు వారం పడుతుంది.

నాలుక పట్టి గుటక. నాలుక కొన పళ్ళ మధ్య మెల్లగా పట్టుకుని ఉమ్మి మింగాలి. తిండితో, నీళ్ళతో ఇది ఎప్పుడూ చేయకూడదు.

గడ్డం కింద బంతి. పిల్లలు ఆడే మెత్తటి రబ్బరు బంతి చాలు. గడ్డానికీ ఛాతీకీ మధ్య పెట్టి గడ్డంతో నొక్కాలి. పడుకుని తల ఎత్తి కాలి వేళ్ళు చూసే వ్యాయామం కూడా ఉంది గానీ, మెడ నొప్పి, స్పాండిలోసిస్, ఊపిరి కోసం గొంతుకు రంధ్రం పెట్టినవాళ్ళకు అది పనికిరాదు. బంతితో చేసేదే తేలిక.

నోరు తెరవడం. మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టాలి. 35 మిల్లీమీటర్ల కంటే తక్కువ తెరుచుకుంటే దవడ పట్టేసినట్టే. మేం ఐస్‌క్రీం పుల్లలు వాడాం. పట్టినన్ని పుల్లలు దొంతిగా పెట్టి, వారానికి ఒకటి చొప్పున పెంచాం. సాగదీసి ఏడు సెకన్లు, ఏడుసార్లు, రోజుకు ఏడు విడతలు అనే లెక్క గుర్తుంచుకోవడం తేలిక. ఊపుగా లాగకూడదు.

పుళ్ళు ముదిరిన రోజుల్లో పదిసార్లు చేయలేరు. మూడుసార్లు చేయనివ్వండి. సున్నా మాత్రం వద్దు.

## 4. పల్చనా, చిక్కనా?

పల్చటివి పొలమారతాయి, చిక్కటివి సురక్షితం అని ఎవరో ఒకరు చెబుతారు. పక్షవాతం వచ్చినవారి విషయంలో అది తరచూ నిజం. కరెంటు తీసుకున్న గొంతు సంగతి వేరు. ఇక్కడ తోసే బలం తగ్గి ఉంటుంది. చిక్కటి జావ గొంతు గోడలకు అంటుకుని కాసేపటికి ఊపిరిగొట్టంలోకి జారుతుంది. కొందరికి పల్చటిదే తేలిగ్గా దిగుతుంది. పరీక్ష చేయించకుండా ఇంట్లో తేల్చుకునే విషయం కాదిది.

పరీక్ష అయ్యాక తిండి, ద్రవాలు ఎంత చిక్కగా ఉండాలో ఒక స్థాయి చెబుతారు. ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలతలో 0 నుంచి 7 దాకా స్థాయిలున్నాయి. ద్రవాలను ఇంట్లో ఇలా కొలవచ్చు:

1. మెడికల్ షాపులో సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజీ కొనండి. సున్నా నుంచి 10 గీత దాకా 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. వేరే కొలతైతే లెక్క తప్పుతుంది.
2. లోపలి కాడ తీసి, కింది రంధ్రం వేలితో మూసి, 10 గీత దాకా పోయండి.
3. వేలు తీసి 10 సెకన్లకు మళ్ళీ మూయండి.
4. మిగిలింది 1 మిల్లీలీటరు కంటే తక్కువైతే స్థాయి 0. 1 నుంచి 4 దాకా స్థాయి 1. 4 నుంచి 8 దాకా స్థాయి 2. 8 దాటితే స్థాయి 3. అసలు కారకపోతే స్థాయి 4.

రాగి జావ దగ్గర అందరూ మోసపోతారు. పొయ్యి మీద స్థాయి 1లా ఉన్నది చల్లారేసరికి స్థాయి 3 అవుతుంది. తాగే వేడిలోనే కొలవండి. ఎంగిలి చెంచా గిన్నెలో తిప్పితే లాలాజలం వల్ల జావ నీరుకారుతుంది. కాబట్టి పెట్టే గిన్నె వేరు, ఉంచే గిన్నె వేరు.

## 5. తినే పద్ధతి

- కుర్చీలో నిటారుగా, పాదాలు నేలకు ఆని ఉండాలి. మంచం మీద దిండుకు వాలి తినడం వద్దు.
- టీవీ ఆపాలి. తినేటప్పుడు పలకరించకండి. "బాగుందా?" అని అడిగితే రోగి నోట్లో ముద్దతో జవాబిస్తారు, పొలమారుతుంది.
- టీస్పూనుతో మొదలు. చేత్తో తింటే గోళీ అంత ముద్ద.
- ఒక ముద్దకు రెండు గుటకలు. రెండోది ఖాళీ గుటక, మిగిలింది ఊడ్చడానికి. థెరపిస్టు ఒప్పుకుంటే మధ్యలో చిన్న గుక్క నీళ్ళు.
- నాలుగైదు ముద్దలకోసారి "ఆ..." అనమనండి. గొంతు గురగురమంటే దగ్గించి, మళ్ళీ మింగించి, అప్పుడు తర్వాతి ముద్ద.
- 30, 40 నిమిషాల్లో అలసిపోతారు. అక్కడ ఆపి, రెండు గంటలకు మళ్ళీ పెట్టండి. రోజుకు ఆరుసార్లయినా పర్వాలేదు.
- తిన్నాక నోరు శుభ్రంగా కడిగించాలి, అరగంట కూర్చోబెట్టాలి. నోట్లో క్రిములు ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది.

గడ్డం వంచి మింగడం, తల ఒక పక్కకు తిప్పి మింగడం, ఊపిరి బిగబట్టి మింగి వెంటనే దగ్గడం లాంటి ఉపాయాలున్నాయి. ఏది మీకో వీడియో పరీక్షే చెబుతుంది.

## 6. మన వంటల్లో ఏవి దిగుతాయి

పలుకుగా ఉన్న అన్నం ఇక్కడ శత్రువు. మెతుకులు విడివిడిగా గొంతంతా చెదురుతాయి. కొత్త బియ్యం వండితే ముద్దవుతుందని మామూలుగా విసుక్కుంటాం. ఇక్కడ అవే తెచ్చుకోండి. నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, పప్పు, నెయ్యి వేసి జారేలా మెదపాలి.

తొందరగా దిగేవి: పెరుగు కలిపి బాగా మెదిపిన అన్నం, కట్టె పొంగలి (మిరియాలు, జీడిపప్పు తీసేసి), పాలల్లో నానబెట్టి చిదిపిన ఇడ్లీ, మెత్తటి గుడ్డు, చిదిపిన అరటిపండు, కందిపప్పు కట్టు.

మోసం చేసేవి: చారు అన్నం, మజ్జిగ అన్నం, ముక్కలున్న సాంబారు. నీళ్ళూ గట్టిదీ ఒకే ముద్దలో ఉంటే, మెతుకు నమిలేలోపే నీళ్ళు గొంతులోకి జారిపోతాయి. మన రోజువారీ భోజనంలో సగం ఇదే, అందుకే మనవాళ్ళకు ఇది కష్టం. ముక్కలు మిక్సీ పట్టి చిక్కగా కలపండి.

చివరిదాకా ఆగాల్సినవి: చపాతీ, పొడి ఉప్మా, అటుకులు, మురుకులు, వేరుశనగ, మాంసం ముక్కలు. ఆవకాయ గురించి పెదనాన్న ప్రతి వారం అడిగేవారు. నోరు పిడచకట్టుకుపోయి ఉంటే ఊట కూడా మండుతుంది. ఏడో నెలలో పెరుగన్నంలో చూపుడువేలంత ఊట నంజుకున్నారు.

మాత్రలు పొడి చేసే ముందు ఫార్మసిస్టును అడగండి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు పొడి చేస్తే డోసంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది.

## 7. తరచూ చేసే తప్పులు

"దగ్గు లేదు కాబట్టి బాగానే మింగుతున్నారు." కరెంటు తర్వాత గొంతుకు స్పర్శ తగ్గవచ్చు. ఊపిరిగొట్టంలోకి పోతున్నా దగ్గు రాదు. తరచూ జ్వరం, కఫం, బరువు తగ్గడం కనిపిస్తే పరీక్ష చేయించాలి.

పొలమారితే నెత్తిన తట్టి వదిలేయడం. ఎవరో తలుచుకుంటున్నారని మామూలుగా నవ్వేస్తాం. ఈ రోగి విషయంలో తేదీ, ఏం తింటుండగా, ఎన్నిసార్లు అని నోటుబుక్కులో రాయండి. మా నోటుబుక్కు చూసే థెరపిస్టు సమస్య నీళ్ళతోనే అని పట్టుకున్నారు.

పైపు తీయగానే వ్యాయామాలు మానేయడం. కరెంటు వల్ల కండరాలు గట్టిపడటం నెలలు, ఏళ్ళ పాటు సాగుతుంది. తర్వాత రోజుకు ఒక పూటైనా చేయాలి.

గొంతులో అడ్డుపడితే ఇంకా పల్చగా చేసుకుంటూ పోవడం. ఆహారనాళం ఇరుకైతే వ్యాయామంతో తెరుచుకోదు. ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు. స్వరపేటిక తీసేసినవారికి కూడా ఈ ఇరుకు రావచ్చు.

## 8. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

- ఊపిరి తీస్తుంటే ఈల లాంటి శబ్దం, ఆయాసం
- నోట్లోంచి తాజా రక్తం
- జ్వరంతో పాటు కఫం, మగత
- రోజంతా నీళ్ళు కూడా దిగకపోవడం

## 9. తర్వాతి ఏళ్ళు

కీమో, కరెంటు అయ్యాక సుమారు 12 వారాలకు, గడ్డ మిగిలిందేమో చూడటానికి పెట్ స్కాన్ చేస్తారు. అంతకు ముందే తీస్తే పుండు వాపు కూడా గడ్డలా కనిపించి అనవసరంగా భయపెడుతుంది. తిరగబెట్టే కేసుల్లో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే బయటపడతాయి. అందుకే మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి, ఐదో ఏడాది దాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోవాలి. థైరాయిడ్ పరీక్ష ఆరు నుంచి 12 నెలలకోసారి. మెడకు కరెంటు తగిలినవారిలో అది మందగించడం మామూలే.

స్వరపేటిక క్యాన్సర్ మీద అమెరికాలో జరిగిన ఇంకో పెద్ద అధ్యయనం పదేళ్ళ ఫలితాలు 2013లో వచ్చాయి. కీమో, కరెంటు ఒకేసారి ఇస్తే స్వరపేటిక ఎక్కువ మందికి దక్కింది. కానీ ఆ గుంపులో క్యాన్సర్‌తో సంబంధం లేని మరణాలు ఎక్కువ. కారణం స్పష్టంగా తేలలేదు. గడ్డ పోయిందని ఫైలు అటక మీద పడేయకూడదని నాకు అర్థమైంది ఇది చదివాకే.

మూడు నాలుగేళ్ళు బాగా తిన్న మనిషికి మళ్ళీ మింగుడు కష్టమైతే వయసు మీద నెట్టేయకండి. ముందు గడ్డ తిరగబెట్టలేదని తేల్చాలి. తర్వాత కండరాలు బిగుసుకోవడం, నాలుక, గొంతు నరాలు దెబ్బతినడం, ఇరుకు చూడాలి. మాట ముద్దగా రావడం, నాలుక ఒక పక్కకు వంగడం నరాల సూచనలు.

## 10. బయట తినడం

చాలామంది ఇంట్లో బాగానే తింటారు గానీ పెళ్ళిళ్ళకు రారు. అందరూ లేచిపోయాక ఒక్కరే కూర్చుని తినడం చిన్నతనంగా ఉంటుంది. మేం చేసేది ఇది: పెదనాన్నకు ఇంట్లో ముందే సగం తినిపించి తీసుకెళ్తాం. బంతి చివరి కుర్చీ, గోడ వైపు. పప్పు, నెయ్యి, పెరుగన్నం మాత్రమే వడ్డించమంటాం. ఆయన పక్కన నేను కూర్చుని నా తిండి నిదానం చేస్తాను, మాటలు కలపను. అడిగినవాళ్ళకు ఆయనే చేత్తో "తర్వాత" అని సైగ చేసి, రెండో గుటక వేస్తారు.